అటువైపు మేడమ్‌గారికి ఇటువైపు నుంచి

పంతొమ్మిది వందల తొంభై మూడో సంవత్సరం జూలై పన్నెండో తేదీన మా పరిశోధనా సంస్థలో సహాయ పరిశోధకురాలిగా అడుగుపెట్టిన మేడమ్‌గారు ఈ నెలాఖరున డైరెక్టరు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. సంస్థలు నిర్ణయాలెలా తీసుకుంటాయి, ఆ నిర్ణయాల భారం నేలపై, నీటిపై, రాబోయే తరాలపై ఎలా పడుతుంది, ఆ భారాన్ని దేశాలన్నీ కలిసి ఎలా మోయాలి అన్నవి వారి జీవితకాల ప్రశ్నలు. వారి ఘనతను కీర్తించే భాగ్యం నాకు దక్కినందుకు గర్విస్తున్నాను. అయితే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే రాకుండా, వారిని మరికొన్నేళ్లు ఇక్కడే కట్టిపడేయాలని నేను గట్టిగా ప్రయత్నించి బోర్లాపడ్డానని కూడా ముందే మనవి చేసుకుంటున్నాను.

మెట్ల కింది ఇరుకు గదిలో, ఒక కాలు కింద అట్టముక్క పెట్టిన బల్ల ముందు వారి ఉద్యోగపర్వం ఆరంభమైంది. చేరిన ఏడాదే వారొక నియమం ప్రవేశపెట్టారు. చర్చలో ఎవరైనా సరే ముందుగా ఎదుటివారి వాదనను వినిపించాలి. ఆ ఎదుటివారు "అవును, నేననేది ఇదే" అని ఒప్పుకునేదాకా తన వాదన ఎత్తకూడదు. ఏ గొడవ తీసుకెళ్లినా "సరే, అటువైపు చెప్పండి" అనేవారు కనుక వారికి 'అటువైపు మేడమ్' అన్న పేరు స్థిరపడింది. వారి ఎదుట ఆ పేరు పలికే ధైర్యం మాత్రం ఈ ప్రత్యేక సంచిక సాక్షిగా ఇప్పుడే చేస్తున్నాను.

ఆ నియమం ఒకసారి వికటించింది కూడా. పర్యావరణం విషయంలో కంపెనీలను చట్టంతో కట్టడి చేయాలని నేనూ, వాటంతటవే దారికొస్తాయని పక్కగది గణాంక నిపుణుడూ ఉప్పూ నిప్పూగా ఉండేవాళ్లం. మేడమ్‌గారు మా ఇద్దరినీ పిలిచి, ఒకరి వాదన ఒకరు సిద్ధం చేసుకురమ్మన్నారు. వారం తిరిగేసరికి నేను ఆయన వాదనకూ, ఆయన నా వాదనకూ పూర్తిగా లొంగిపోయి, మళ్లీ అంతే జోరుగా కొట్లాడుకున్నాం. మేడమ్‌గారు టీ కప్పు పక్కన పెట్టి, "మిమ్మల్ని కలుపుదామనుకున్నా. గోడకి అటున్నాయన్ని ఇటూ, ఇటున్నాయన్ని అటూ మార్చానంతే" అని నవ్వారు. ఆ నవ్వుకు సిగ్గుపడి మేమిద్దరం కలిసి రాసిన గ్రంథమే నేడు విద్యార్థులు చదువుతున్నది.

ఇంట్లోనూ ఇదే రాజ్యాంగం. దంతవైద్యులైన వారి శ్రీవారు ఒకనాడు నాతో వాపోయారు. "పొద్దస్తమానం అందరి నోళ్లూ తెరిపిస్తాను. ఇంటికెళ్తే నా నోరు పెగలదు బాబూ. ఆవిడ తరఫున నేనే వకాల్తా పుచ్చుకుని మాట్లాడాలి. మాట్లాడేసరికి ఆవిడదే నిజమనిపిస్తుంది. ఇంకేం గెలుస్తాను?"

వారి కీర్తికి శిఖరం సముద్ర మత్స్య సంపద ఒడంబడిక. పెద్ద ఓడలున్న దేశాలు, చిన్న పడవలున్న దేశాలు ఏళ్ల తరబడి సమావేశమై, ఒకరిపై ఒకరు నెపం నెట్టుకుని విడిపోయేవి. ఈలోగా సముద్రం ఖాళీ అవుతూ వచ్చింది. సలహాదారుగా వెళ్లిన మేడమ్‌గారు ఆ మహామహుల చేత కూడా వాదనలు మార్పించారు. ఓడల పక్షం నాయకుడు, "ఇలా ఊడ్చేస్తే రేపు మా పిల్లల వలలో ఏం పడుతుంది?" అని చదువుతూ మధ్యలో ఆగిపోయారు. పడవల పక్షం ఆవిడ, "ఓడలు ఉన్నపళంగా ఆపేస్తే వాటిమీద పనిచేసేవాళ్లు ఎక్కడికి పోవాలి?" అని అడిగి తలదించుకున్నారు. చేపలు గుడ్లుపెట్టే కాలంలో వేట నిషేధం, ఆ కాలంలో ఓడల కార్మికులకు భృతి అన్న షరతులపై అన్ని దేశాలూ సంతకాలు చేశాయి. తీరాలకు చేపలు తిరిగి వస్తున్నాయన్న నివేదిక అందిన రోజున మా వరండాలో చప్పట్లు ఆగలేదు. ఆ విజయం మాది కూడా అనుకుని మేమంతా పొంగిపోయాం.

అటువంటి మనిషిని ఎలా వదులుకోగలం? పాలకమండలిని ఒప్పించి, సర్వీసు పొడిగింపు ప్రతిపాదనతో వారి గదికి వెళ్లాను. వారి అంగీకారమే తరువాయి.

"కూర్చోండి. ముందు నావైపు చెప్పండి" అన్నారు.

చెప్పక తప్పలేదు. "మీరున్నంతకాలం ప్రతి తగువూ ఈ గదికే వస్తుంది. మీరు లేనప్పుడే మేం ఒకరి మాట ఒకరం వినడం నేర్చుకుంటాం. ఈ కుర్చీకి తగినవాళ్లు తయారయ్యారు. వాళ్లకి అడ్డంగా ఉండటం మీకిష్టం లేదు."

"అవును, నేననేది ఇదే. ఇప్పుడు మీవైపు చెప్పండి."

వెతికితే నా దగ్గర ఒక్క మాటే మిగిలింది. "మీరు లేకపోతే మాకు తోచదు మేడమ్" అన్నాను. అది వాదన కాదని మా ఇద్దరికీ తెలుసు. వారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రతిపాదన మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మేడమ్‌గారు పరిపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబ సమేతంగా, సుదీర్ఘకాలం ఆనందంగా జీవించాలనీ, వారి శ్రీవారికి అప్పుడప్పుడైనా తమ మాట తాము చెప్పుకునే అవకాశం దక్కాలనీ మా అందరి ఆకాంక్ష. ఈ ఒక్క విషయంలో మాత్రం అటువైపు చెప్పమని మమ్మల్ని అడగవద్దని సవినయంగా ప్రార్థిస్తున్నాం.