మొంబాసాకు కట్టిన పెట్టె

కువైట్‌లో ఏళ్ల తరబడి డ్రైవరు పని చేసి ప్రొద్దుటూరుకు వచ్చేసిన ఖాసింవలికి, అక్కడ తనతో ఒకే గదిలో ఉన్న జుమా నుంచి పిలుపొచ్చింది. మొంబాసాలో జుమా కూతురి పెళ్లి. ప్రయాణానికి ముందురోజు, భార్య దస్తగిరమ్మ సర్దిన పెట్టెను ఖాసింవలి అనుమానంగా చూశాడు.

“ఏందిమే, మళ్లా తాడు కట్టినావు?”

“ఎప్పుడూ కట్టేదే గదా మామా. పైన నీ పేరు గూడా రాసినా.”

“ఆడ శానా ఉక్కంట. సముద్రం పక్కనే ఊరు.”

“అందుకే అన్నీ నూలు చొక్కాలే పెట్టినా. ఊరగాయ కింద ఉండాది.”

ఖాసింవలి తాడు విప్పి, ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాడు. పెట్టె అడుగు కనబడింది.

“నీ చీరలు యాడ?”

దస్తగిరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో మామా! నేనూ వస్తాండా గదా!”

“వారం నుంచి వీధంతా చెప్పుకుంటా తిరిగితివే!”

“చెప్పినా. పెట్టె ముందర కూచుంటే, చేతులు వాటి పాటికి నీ బట్టలే సర్దినాయి.”

అతను పకపకా నవ్వి, ఊరగాయ జాడీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇన్నేండ్లు నువ్వు పక్కన లేకనే ఇది తింటి. ఈ తూరి ఎందుకు? ఆ జాగాలో నీ పట్టుచీర పెట్టు.”

“సరే గానీ మామా, రేపు బస్టాండులో చెయ్యి ఊపేదెవురు? ఎప్పుడూ నేనే గదా ఊపేది!”

“కిటికీ సీటు నీదే. ఈ తూరి ఊరికి ఊపు.”