బండి తాగని పెట్రోలు

హలో… హలో… ఆ, నేనేరా పాండూ, అక్కని. పెడన నుంచి.

…కాస్త గట్టిగా మాట్లాడు నాయనా. ఇక్కడ మిల్లు ఆడుతోంది, ఆ హోరులో నా మాట నాకే వినపడటం లేదు.

ఆ, రైసు మిల్లు ఆఫీసు నుంచే. పొద్దున్నే ట్రంకాలు చెప్పి కూచున్నా, ఇప్పటికి దొరికింది లైను. గుమాస్తా గారు మంచాయన, కుర్చీ వేసి కాఫీ తెప్పించారు.

ఎప్పుడొచ్చారు తిరపతి నుంచి?… దర్శనం బాగా అయిందా?… సుబ్బరత్నం కొండ నడిచే ఎక్కిందా, ఆ మోకాళ్ళతో?… అబ్బో! నీ పెళ్ళాం గట్టిదేరా.

మరి నువ్వు గుండు చేయించుకున్నావా?… మంచిది. నీ పుట్టెంట్రుకలు తీయించింది నా ఒళ్ళో కూచోబెట్టుకునే, తెలుసా? అమ్మకి అప్పుడు చలిజ్వరం. మంగలాయన వేలు కొరికి పారేశావు. ఆయన చెయ్యి విదిలించుకుంటా, "వీడు వ్యాపారం చేసి బతుకుతాడమ్మా" అన్నాడు. అందరం ఒకటే నవ్వు.

— ఏంటీ?… ఆ, కాయితాల సంగతా.

ఉండు, వస్తున్నా. బండి కొనే ఆయన సాయంత్రం గదా వచ్చేది. నేను సంతకం చేస్తే బండి వెళ్ళిపోయినట్టే, ఆ మాత్రం తెలుసు నాకు. అసలు నా సంతకమంటే పావుగంట పని. వెంకటరావమ్మ అని ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. అందుకే చేసే ముందు నీతో ఓ మాట మాట్లాడదామని.

పాండూ, మనం బండి ఎందుకు అమ్ముతున్నాం?

— తెలుసనుకో. అయినా చెప్పు. నీ నోటితో వినాలని ఉంది.

…ఆ. పెట్రోలు తాగేస్తోందని. అంతేనా?

అంతే. ఆ అరబ్బుల యుద్ధం అయ్యాక పెట్రోలు రేటు ఎటు పోయిందో చూస్తున్నాం గదక్కా, ఈ ముసలి బండిని మనం మేపలేం అన్నావు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకటి సరిగ్గా కొట్టడం లేదన్నావు. నాకు అర్థం కాకపోతే నువ్వే విడమరిచావు… గుర్తుందా?… "నాలుగు పొయ్యిలున్న వంటింట్లో ఒక పొయ్యి మండకుండా కట్టెలు మాత్రం తింటంటే ఎట్టా ఉంటది? అట్టా" అన్నావు. ఎంత బాగా చెప్పావురా! నేను మర్నాడు పక్కింటి మాణిక్యమ్మకి కూడా అట్టాగే చెప్పా, పెద్ద తెలిసినదానిలాగా.

…కాదు, కోపం కాదు. విను.

ప్లగ్గులు మార్చమన్నావు, మార్పించా. కార్బురేటరు విప్పి కడిగించమన్నావు, కడిగించా. ఆటోనగర్లో ఇంజను దించి మసి గోకించాలన్నావు. గోకించినన్నాళ్ళూ సరుకు ఒంటెద్దు బండి మీద వేశాం. టైర్లలో గాలి బిగువుగా ఉంటే తక్కువ తాగుతుందన్నావు, గాలి కొట్టించనిదే బండి కదలనియ్యలేదు నేను. పైన రేకు టాపు బరువన్నావు. తీయించేశా. ఆ వారమే వాన. జరీ అంచు చీరల మూటలు నానిపోయి, రంగు దిగి, మనకి నేసే రావమ్మ మొగుడు ఆరు వారాలు నేసిన నేత నేసినట్టే పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఆఖరికి ఏమన్నావు? బండి బెజవాడ బయల్దేరితే ఊళ్ళో ఆడాళ్ళు మూటల మీదెక్కి బందరు ఆసుపత్రికి వెళ్తున్నారు, మనుషుల బరువు పెట్రోలు తింటుందన్నావు. మాణిక్యమ్మ కళ్ళ ఆపరేషను చేయించుకుని కట్టుతో నిలబడి చెయ్యెత్తితే, నేను బండి ఆపొద్దన్నాను. నా పక్కింటి మనిషి, నాతోపాటు కాపరానికొచ్చిన మనిషి. ఇప్పటికీ నా గుమ్మం తొక్కదు.

— అవును, తాగిందిగా. తాగింది కాబట్టే చేశాం అంటున్నావు. ఆ.

మిర్చీ నిమ్మకాయా కూడా కట్టించాగదరా దానికి! సిగ్గుపోతోంది తల్చుకుంటే.

…పాండూ, నేనొక పని చేశా. నువ్వు తిరిగొచ్చేదాకా బండి కదిలించొద్దన్నావుగా. కదిలించా.

…అరవకు. వినపడుతోందిలే.

ఏం చెయ్యమంటావు. పెళ్ళిళ్ళ సరుకు, బెజవాడలో మన కొట్లో గుమాస్తా కబురు మీద కబురు. చూశా చూశా, ఎవరున్నారు నడిపేవాళ్ళు? ఇదే మిల్లులో బస్తాలు మోస్తన్నాడు జక్కయ్య. మన జక్కయ్యేరా. మీ బావ మిలిటరీ వేలంలో ఈ బండి కొన్న నాటినుంచీ నడిపినవాడు. పెట్రోలు పీల్చి అమ్ముకుంటున్నాడని నువ్వంటే, తాళాలు అక్కడ పెట్టి పొమ్మన్నాను వాణ్ణి. నువ్వు పాపం, "ఇక నేనే తోల్తాలే అక్కా, నీ కోసం" అన్నావు. నేను ఆ రాత్రి దేవుడికి దణ్ణం పెట్టుకున్నా, ఇట్టాంటి తమ్ముణ్ణిచ్చావని.

…ఆ, వాడి దగ్గరికే వెళ్ళా. ఏమంటాడో అనుకుంటా. భుజం మీద తువ్వాలు దులుపుకుని, "తాళాలు ఇవ్వండమ్మగారూ" అన్నాడు.

బందర్లో ట్యాంకు మూతిదాకా పోయించాం. పక్కన నేను కూచున్నా.

— వాడు చెప్పింది కాదురా! నేను చూసింది చెప్తున్నా. వాడు దారి పొడుగునా నోరు విప్పలేదు. మైళ్ళు చూపించే మీటరు కదలటం లేదని నేనే అడిగితే, "వైరు విప్పేసి ఉందమ్మా" అని ఊరుకున్నాడు.

చెడిపోయిందన్నావు నువ్వు. బాగుచేయించడం దండగ, ట్రిప్పుల లెక్క చూసుకుంటే చాలదా అన్నావు. నాకేం తెలుసు! పెడన నుంచి బెజవాడ, బెజవాడ నుంచి పెడన. ఆ దారి పెరగదు, తరగదు. పెరిగిందల్లా పెట్రోలు. ఇంకెవర్ని అనుమానిస్తాను? బండినే అనుమానించా.

ఎక్స్‌చేంజి అమ్మాయ్! కట్ చెయ్యకు తల్లీ. ఇంకో మూడు నిమిషాలు వేసుకో… ఆ, వేసుకో, నేను ఇచ్చుకుంటాలే.

ఆ, పాండూ. పామర్రు సెంటర్లో ఏం జరిగిందో చెప్పనా?

…నువ్వు చెప్తావా? చెప్పు, వింటా.

…

అయితే నేనే చెప్తా.

చల్లపల్లి వైపు మలుపు ఉందే, ఆ సోడాకొట్టు దగ్గర, ఓ నలుగురైదుగురు ఆడాళ్ళు మూటలు పెట్టుకు నిలబడ్డారు. మన బండిని చూసి చెయ్యెత్తారు. జక్కయ్య నా మొహం చూశాడు. మాణిక్యమ్మ సంగతి మనసులో ఉందో ఏమో, ఆపమన్నా. ఆగీ ఆగకముందే వెనక తలుపు గొళ్ళెం తీశారు. అది బిగుసుకుపోయిన గొళ్ళెం గదా, గుద్దితేగానీ రాదు. ఆవిడెవరో ఒక్క గుద్దు గుద్దింది, ఊడింది. అలవాటైన చెయ్యిరా పాండూ! మూటలన్నీ ఎక్కించేశారు. అడగలా, పెట్టలా. ఎక్కించి, ఒకావిడ నా దగ్గరకొచ్చి, "పాండురంగయ్య గారు రాలేదా? మా ఊళ్ళోకి రావాల్సిన బండి రాకపోతే ఇక్కడిదాకా మోసుకొచ్చాం" అంది.

ఎంత కాలం నుంచి వస్తోందమ్మా బండి మీ ఊరికి అన్నా. "పోయిన ఏడు వానాకాలం నుంచీ, ప్రతి ట్రిప్పూ" అంది. అని నన్ను ఎగాదిగా చూసి, "తమరెవరండీ? పాండురంగయ్య గారి బండిలో కూచున్నారు?" అంది.

…

నా బండిలో నన్ను అడిగిందిరా, ఎవరు నువ్వని.

ఏం చెప్పను? వాళ్ళ అక్కనమ్మా అన్నా. అంతే అనగలిగా.

నువ్వు అన్నీ జాగ్రత్తగానే కట్టుకున్నావు. జక్కయ్యని తీయించావు, వైరు విప్పావు, నన్ను పెట్రోలు బాధలో పెట్టి కూచోబెట్టావు. ఆ ఆడాళ్ళకి మాత్రం తిరపతి వెళ్తున్నానని చెప్పడం మర్చిపోయావు.

— మూటలా? ఏం చేస్తాను, రోడ్డు మీద దింపేస్తానా? మన బోటి నేతగాళ్ళు. వేళ్ళు చూస్తే తెలీదా. వాళ్ళ సరుకు చేరాల్సిన చోటికి చేర్చా. బెజవాడ వన్‌టౌన్లో అంకమ్మరావు గారి కొట్టు దగ్గర.

…ఆ, అంకమ్మరావే.

ఎంత మర్యాదరా ఆయనకి! "రండి రండి అక్కగారూ, మా భాగస్తుడి అక్కగారంటే మాకూ అక్కగారే" అన్నాడు. చక్కెర ఎక్కువేసి టీ ఇప్పించాడు. తాగా. ఏం చెయ్యను, మర్యాద చేస్తంటే! "శుక్రవారంతో బండి కూడా మనదైపోతుందిగా, ఇక చాటుమాటు వ్యవహారం ఉండదు" అన్నాడు. ఆయన నేనంతా తెలిసి వచ్చాననుకున్నాడు. గుడివాడ ఆసామి ఎవరో కొంటున్నాడని చెప్పావుగా నువ్వు? ఆ ఆసామి పేరేదో ఇప్పుడు చెప్పు!

…ఊఁ.

…ఊఁ. వింటున్నా. చెప్పు.

…అదా. ముప్ఫై ఏళ్ళు కొట్టు చూసినా వెంకటరావమ్మ గారి తమ్ముడనే అన్నారుగానీ పాండురంగయ్య అనలేదనా. బోర్డు మీద నీ పేరు లేదనా. నా కొడుకులు మామయ్యా అంటానే పద్దు అడిగారనా.

…నిజమేరా. అన్నారు. నాకది తట్టలేదు, తట్టి ఉండాల్సింది. అడగాల్సింది గదా నువ్వు! "అక్కా, నాకో భాగం కావాలి" అంటే లేదనేదాన్నా? బోర్డు దింపి రంగు వేయించేదాన్ని. కాదు, వేరే పెట్టుకుంటానంటే బండి అప్పుడప్పుడూ తీసుకెళ్ళరా అనేదాన్ని. పెట్రోలు నేనే పోయించేదాన్ని. పెట్రోలు ఎంతరా పాండూ! పోతే పోయింది పెట్రోలు.

నన్ను పిచ్చిదాన్ని చేశావు, అదీ. అదుగో టాపు, అదుగో ప్లగ్గు, అదుగో మాణిక్యమ్మ బరువు అని ఒక్కోటీ చూపిస్తా ఉంటే, ఒక్కోటీ నా చేతులతో నేనే తీసి పారేశా. నువ్వు పక్కన నిలబడి చూశావు. నవ్వుకున్నావా?

…ఏడవకు. కొట్లో ఉన్నావు, గుమాస్తా చూస్తాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది నా బతుకు.

— నాకు మంచి చెయ్యాలనా? ముసలితనంలో బండి బాధ తప్పిద్దామనా?… వద్దు పాండూ. ఆ ఒక్క మాట మాత్రం అనకు. ఇందాకటి బోర్డు మాటే నయం, అందులో కాస్త నిజమన్నా ఉంది.

పెట్రోలు ఎంత మిగిలిందో అడగవేం? వెళ్ళొచ్చి జక్కయ్య ట్యాంకులో వెదురు బద్ద దించి చూపించాడు. సగం పైన తడి. మళ్ళీ పోయించకుండా ఇంకోసారి వెళ్ళి రావచ్చట. ఏ పొయ్యీ ఆరలేదురా దాంట్లో. నాలుగూ మండుతున్నాయి. ఏ జబ్బూ లేని బండికి వైద్యం చేయించి చేయించి, ఇవాళ అమ్మబోయా.

— మాటిచ్చావా ఆయనకి? నా బండికి నువ్వెట్టా మాటిచ్చావు?… అదంతా నువ్వు చూసుకో. మా అక్క సంతకం పెట్టనందని చెప్పు. ఎందుకని అడిగితే అక్షరాలు మర్చిపోయిందని చెప్పు.

అంకమ్మరావు గారితో వ్యాపారం చేసుకుంటావా, చేసుకో. అడ్డురాను. ఆ ఊరి ఆడాళ్ళ సరుకు కూడా మానొద్దు, పాపం వాళ్ళకేం తెలుసు. బండి మాట్లాడుకోండి మీరు ఏదన్నా. కొట్టు తాళాలు సాయంత్రం గుమాస్తాకివ్వు.

…పిల్లలకి చెప్పనులే. సుబ్బరత్నానికి నువ్వు చెప్పుకుంటావో మానతావో నీ ఇష్టం. జక్కయ్యకి మాత్రం నువ్వే చెప్పాలి. మొహం చూసి. ఆ పని నేను చెయ్యను నీ బదులు.

…ఏంటీ? ఇవాళే వస్తావా? కాళ్ళ మీద పడతావా?… కాళ్ళెందుకురా, అసలే నొప్పులు.

రావద్దని అనలేను. అనాలని రెండ్రోజుల నుంచీ అద్దంలో చూసుకుంటా ప్రయత్నం చేశా, నోరు రాలేదు. వండి పెడతాలే. తిందువుగాని.

— ఆ, బండి వస్తోంది. కాసేపట్లో జక్కయ్య బెజవాడ బయల్దేరతాడు సరుకేసుకుని. సరుకు దింపి తిరుగు ట్రిప్పులో… ఏంటీ, అందులో వస్తావా?

…

అందులో వద్దు. ఉయ్యూరు నుంచీ ఆడాళ్ళు ఎక్కుతారు, చోటుండదు.

బస్సులో రా, పాండూ.

పెట్టేస్తున్నా.