సుడిగాలి చేతిలోంచి గీత లాక్కొచ్చిన మెంబరు

"నేను చేసింది పెద్ద పనేం కాదు. కప్పు పట్టుకుని గీత దాటబోతున్న ఒక కుర్రాణ్ణి ఆపాను, అంతే," అన్నాడు హార్లన్.

హార్లన్ 'అంతే' అన్నాడంటే ఇక దానికి అంతుండదని ఇమోజీన్‌కి తెలుసు. తెలిసీ కౌంటర్ మీద మోచేతులానించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పురాణం వినడానికొచ్చిన దానిలా నిలబడింది. అవసరం అలాంటిది.

హార్లన్ లిండన్ క్రీక్ టౌన్ కౌన్సిల్లో మెంబరు. రెండేళ్ళ కిందట ఒహాయోలోని చాలా ఊళ్ళలాగే ఈ ఊరూ ఒక పని చేసింది. మెయిన్ స్ట్రీట్‌లో కొంత మేర ఆకుపచ్చ గీత గీసి, ఆ లోపల ఎవరైనా సరే బార్‌లో బీరు కొనుక్కుని, ఊరి ముద్ర ఉన్న కప్పులో పోయించుకుని, వీధిలో తిరుగుతూ తాగొచ్చంది. గీత దాటితే మాత్రం పోలీసు పట్టుకుంటాడు. ఆ గీత వచ్చి వచ్చి ఇనుప సామాన్ల కొట్టు గోడ దగ్గర ఆగిపోయింది. గోడకి ఇవతల ఇమోజీన్ బార్. ఎండాకాలం శనివారం సాయంత్రాల్లో ఊరు ఊరంతా కప్పులు పట్టుకుని ఆ గోడదాకా నడిచొచ్చి, కరెంటు కంచె తగిలిన ఆవుల్లా వెనక్కి తిరిగిపోయేది. ఆ ఆవుల్ని ఆమె రెండు వేసవులు కిటికీలోంచి చూసింది. ఇంకో వేసవి ఇలాగే చూస్తే తలుపుకి తాళమే.

గీతని ఒక్క కొట్టు ఇటు జరపాలా వద్దా అన్నది ఈ సాయంత్రం మళ్ళీ కౌన్సిల్ ముందుకొస్తోంది. అందుకే ఈ శ్రవణం. అందుకే హార్లన్ బీరు ఎప్పటిలాగే కాఫీ మగ్గులో పోసిచ్చింది. వీధిలోంచి చూసేవాళ్ళకి మెంబరుగారు కాఫీ తాగుతున్నట్టే ఉండాలి. అది ఆయన పద్ధతి.

"ఆపితే ఏమన్నాడు గురూ?" అన్నాడు రస్. కుళాయిలు బాగుచేసే రస్‌కి మధ్యాహ్నం పనిలేకపోతే హార్లనే కాలక్షేపం.

"వాడేమంటాడు, వణికిపోయాడు. అంతలో నా వెనకాల ఎవరో దగ్గారు. తిరిగి చూద్దును కదా, రాష్ట్ర ఎక్సైజు ఇన్‌స్పెక్టరు. నా చేతిలోనూ కప్పుంది మరి. నా ఎడమ కాలేమో గీత లోపల, కుడి కాలేమో బయట. 'దొరికావు' అన్నాడు. నేను తొణకలేదు. కప్పుని లోపలే ఉంచి, మెడ మాత్రం బయటికి చాచి, పొడుగు స్ట్రా పెట్టి ఒక్క గుక్క పీల్చి, 'సార్, బీరు లోపలుంది, నోరు బయటుంది, తాగడం ఎక్కడ జరిగిందని రాసుకుంటారు?' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"స్ట్రాని అరెస్టు చేశాడా?" అన్నాడు ముసలి ఓర్విల్, గ్లాసులోంచి తలెత్తకుండా.

"ఉద్యోగం మానేశాడయ్యా. ఇప్పుడెక్కడో తేనెటీగలు పెంచుకుంటున్నాడు. సరే, అది వదిలెయ్. ఆయన అటు వెళ్ళాడో లేదో ఇటు సైరన్ మోగింది. సుడిగాలి. ఊరంతా నేలమాళిగల్లో దూరింది. వీధిలో నేనొక్కణ్ణే, చేతిలో నిండు కప్పు."

"పారేసి పరిగెత్తొచ్చుగా గురూ?"

"పారేస్తే అది ఎగిరిపోయి గీత అవతల పడితే? చట్టం చేసిన చేత్తోనే చట్టం చెడగొట్టమంటావా? నిలబడ్డాను. గాలి నన్ను లేవదీసింది. కోర్టు భవనం చుట్టూ తిప్పింది. గడియారం వెనకబడి ఉంటే పోతూ పోతూ ముల్లు సరిచేశాను. కప్పులో నురగ చెదిరితే ఒట్టు. పైనుంచి కిందికి చూశాను కదా, గుండె ఆగినంత పనైంది."

"ఎందుకు గురూ?"

"గీతరా. మన గీత. మొక్కజొన్న కంకికి పొట్టొలిచినట్టు ఆ గాలి రోడ్డు మీంచి గీతని ఒలిచేస్తోంది. పచ్చటి పాములా మెలికలు తిరుగుతూ పక్క రాష్ట్రం ఇండియానా వైపు ఎగిరిపోతోంది. పోతే మన ఊరి గతేంటి? ఎక్కడ తాగొచ్చో, ఎక్కడ తాగకూడదో మనిషికెలా తెలుస్తుంది? ఒక్క దూకు దూకి తోక పట్టుకున్నాను. అది లాగుతోంది, నేను లాగుతున్నాను. నీళ్ళ పైపు చుట్టినట్టు భుజానికి చుట్ట చుట్టుకుని కిందికి దిగి, మళ్ళీ వీధి పొడుగునా పరిచి, బూటుతో తొక్కి అతికించాను. ఇవాళ మీరంతా నడుస్తున్న గీత కౌన్సిల్ గీసింది కాదు, ఈ చేతులు పరిచింది."

రస్ బల్ల మీద దరువేశాడు. మాటలు కోటలు దాటుతున్నాయి అనుకుంది ఇమోజీన్. సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉంటానని చెల్లెలికి మాటిచ్చింది. గ్లాసు తుడుస్తూ ఉండిపోదామనే అనుకుంది. గ్లాసు ఎప్పుడో తుడవడం అయిపోయింది.

"మొత్తం మీరే పరిచారా, మెంబరుగారూ?"

"మొత్తం నేనే, ఇమోజీనమ్మా."

"చుట్టలో ఎంత పొడుగుంటుందో?"

"అదేమన్నా కొలిచి పెట్టుకున్నామా? ఎంత కావాలంటే అంత సాగింది."

"మరి నా గుమ్మం దాకా ఎందుకు సాగదియ్యలేదు హార్లన్?"

దరువు ఆగిపోయింది. హార్లన్ మగ్గులోకి చూశాడు.

"అంటే... అక్కడికొచ్చేసరికి అయిపోయింది."

"సుడిగాలి సంగతి నాకు తెలీదు, పోయిన నెల మీటింగు సంగతి తెలుసు. వెనక బెంచీలో కూర్చున్నాను. గీత ఒక్క కొట్టు జరపాలని మీ తోటి మెంబరు డోరిన్ ప్రతిపాదన పెట్టింది. బలపరిచేవాళ్ళెవరని మేయరు అడిగాడు. ఎవరో ఒకరు 'బలపరుస్తున్నాను' అంటే అది ఓటుకెళ్ళేది, గెలుపో ఓటమో తర్వాతి మాట. నీ ఓటు కూడా అడగలేదు నేను, ఆ ఒక్క ముక్క చాలనుకున్నాను. నువ్వు వంగి బూటు తాళ్ళు కట్టుకున్నావు. మేయరు ఇంకోసారి అడిగాడు. నువ్వింకా వంగే ఉన్నావు. ప్రతిపాదన అక్కడే చచ్చిపోయింది."

"తాళ్ళు ఊడితే కట్టుకోకూడదా?"

ఓర్విల్ కుర్చీలోంచి కాస్త పక్కకి వాలి కౌంటర్ కిందికి చూశాడు. హార్లన్ కాళ్ళకి ఏడాది పొడుగునా ఉండే కౌబాయ్ బూట్లే ఉన్నాయి. వాటికి తాళ్ళుండవు.

"నాకు గుర్తుంది," అన్నాడు ఓర్విల్ మెల్లిగా. "ఆ రోజు ముందు వరసలో బెర్నీస్ కూర్చుంది కదరా, చర్చి ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని."

బెర్నీస్ హార్లన్ భార్య. ఈ ఊళ్ళో మందు వాసనంటే గిట్టనివాళ్ళందరికీ ఆవిడే పెద్ద దిక్కు. రస్ నవ్వలేదు, నవ్వు దాచుకోవడానికి గ్లాసు ఎత్తి ఖాళీ గ్లాసే తాగాడు.

హార్లన్ కిటికీలోంచి వీధిలోకి అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఈ సాయంత్రం కూడా వస్తోందా బెర్నీస్? మీకేమైనా తెలుసా?" అన్నాడు.

"నీ పెళ్ళామయ్యా. నన్నడుగుతావేం?" అంది ఇమోజీన్. మగ్గు అతని ముందు నుంచి తీసేసి, అందులో మిగిలిన బీరుని అందరూ చూసే గాజు గ్లాసులోకి వొంపి, మళ్ళీ అతని ముందు పెట్టింది. "వస్తోంది. ముందు వరసలోనే కూర్చుంటుంది. ఈసారి నేనూ ఆవిడ పక్కనే కూర్చుంటాను. మేయరు అడిగినప్పుడు మా ఇద్దర్లో ఎవరి మొహం చూస్తావో, అది నీ ఇష్టం."