నాలుగూ ముప్ఫై మూడే

హలో… ఆఁ, నేనే. చెప్పవే చెల్లీ, డాక్టరు దగ్గరికి అప్పుడే చేరిపోయారా?

…ఇంకా హైవే మీదేనా? మరి కారు నడుపుతూ ఫోనేంటే! …ఓ, స్పీకర్లో పెట్టావా. సరే, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచు. అమ్మేం చేస్తోంది?

…వెనక సీట్లో కునుకు తీస్తోందా. తియ్యనీ పాపం. గుండె ఆపరేషనయ్యాక కంటి మీద కునుకే లేదు తనకి. కుదుపులు లేకుండా పోనీ.

ఏంటీ? …లాగుతోందా? ఎటు? …ఎడమకా. ఎప్పట్నుంచి? …టోల్‌గేటు దాటినప్పట్నుంచీనా?

నేను రోజూ నడిపే కారే కదే, నాకెప్పుడూ లాగలేదు… ఉండు, మీ బావ ఇక్కడే ఉన్నారు, అడుగుతాను.

ఏమండీ! మన కారు ఎడమకి లాగుతోందట. ఆ పేపరు తర్వాత చదవొచ్చు, ఇటు చూడండి… రోడ్డు వాలుగా ఉందేమోనా? కుర్చీలోంచి లేవకుండా అక్కడి రోడ్డు వాలు చెప్పేస్తున్నారే, మహానుభావులు!

చెల్లీ, స్క్రీను మీద టైర్ల గాలి ఎంతుందో చూడు. కారు బొమ్మ ఉంటుంది, నాలుగు చక్రాల పక్కనా నాలుగు అంకెలు… ఆఁ, అదే. …ముప్ఫై మూడు. రెండోది? …ముప్ఫై మూడు. వెనకవి? …నాలుగూ ముప్ఫై మూడే! హమ్మయ్య. గాలి నిండుగా ఉంది, ఇంకేం. మీ బావ అన్నట్టు రోడ్డే అయ్యుంటుంది.

…నమ్మొచ్చే బాబూ. కొత్త వీల్స్ వేయించినప్పట్నుంచీ టైర్ల గాలి చూసుకోమని పసుపు దీపం ఒకటి వెలుగుతూనే ఉండేది. నేను పోరగా పోరగా మీ బావే ఓ ఆదివారం కూర్చుని బాగు చేశారు. అప్పట్నుంచీ దీపం లేదు, అంకె మారలేదు.

ఏమండీ, అలా లేచి నిలబడ్డారేం? …ఆపమనాలా? ఎందుకూ? నాలుగూ ముప్ఫై మూడే అంటోందిగా! …నీళ్ళు నమలకండి. ఏం చేశారు?

…లేదే, లైన్లోనే ఉన్నాను. కాస్త వేగం తగ్గించు. …ఎందుకో చెబుతాను, ముందు తగ్గించవే!

ఏ పైపండీ? …డిక్కీలోనా? …స్టెప్నీ కిందా?

అంటే… పాత చక్రాల్లో గాలి కొలిచే సెన్సర్లు కొత్త వీల్స్‌లో కూర్చోలేదు. కొత్తవి తెప్పించడానికి నెల పడుతుందన్నారు. అందుకని ఆ నాలుగింటినీ ఓ ప్లాస్టిక్ పైపులో పడేసి, రెండు పక్కలా మూతలు బిగించి, దానికి గాలి కొట్టి… డిక్కీలో దాచారా? నేను రోజూ చూసి మురిసిపోతున్నది ఆ పైపులో గాలినా! పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనండీ.

…అవును, ఆ దీపం గోల నేనే పెట్టాను. దీపం ఆర్పమన్నాను, కళ్ళు పొడవమన్నానా? తప్పుకోండి.

చెల్లీ, విను. భయపడకు. ఆ స్క్రీను చెప్పేది మన టైర్ల సంగతి కాదు. …అవునే, అబద్ధం. ఏ టైర్లో గాలి ఎంతుందో దానికి తెలీదు. …డాక్టరు వెళ్ళిపోతే వెళ్ళిపోనీ! బ్రేకు గట్టిగా తొక్కకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి. సిగ్నల్ వేసి పక్కకి రా… వెనక లారీనా? హారన్ కొడితే కొట్టనీ, దాన్ని దాటిపోనీ. …స్టీరింగు వణుకుతోందా? గట్టిగా పట్టుకో, ఒక్కసారిగా తిప్పకు… మెల్లిగా… మెల్లిగా తల్లీ…

ఏంటా చప్పుడు?

చెల్లీ! …అమ్మా! …ఎవరో ఒకరు పలకండే!

ఏమండీ, పలకడం లేదండీ…

—ఆఁ! ఉన్నా, ఉన్నా! …ఆగిందా? అమ్మయ్యో, నా పైప్రాణాలు పైనే పోయాయే! అమ్మకేం కాలేదుగా? …లేచి, "ఆస్పత్రి వచ్చిందా" అంటోందా! …నేనేం ఏడవడం లేదు. …సరే, ఏడుస్తున్నాను, అయితే ఏంటి?

దిగి చూశావా? …ముందు ఎడమ టైరు. …చీలికలైపోయిందా? ముట్టుకోకు, కాలుతూ ఉంటుంది. …అవునే, ఇంకాస్త ముందుకెళ్ళుంటే… వద్దు, ఆ మాట అనకు. అమ్మ వింటుంది.

ఒకసారి లోపలికి తొంగి ఆ స్క్రీను చూడు. …ఊరికే, చూడవే. ఇప్పుడెంత?

…ఉండు, స్పీకర్లో పెడుతున్నాను. ఇంకోసారి చెప్పు, మీ బావ వినాలి.

…విన్నారా? చీలిన టైరుక్కూడా ముప్ఫై మూడేనట.

మోటార్‌సైకిల్ తాళాలు తీసుకుని ఎక్కడికి పరుగు? వెళ్దాం, నేనూ వస్తున్నాను. ముందీ ఫోను పట్టుకోండి… లైన్లో అమ్మ ఉందండీ. పొద్దున బయల్దేరేటప్పుడు ఆ వీల్స్ చేత్తో తడిమి, "అల్లుడు ఎంత ముచ్చటగా వేయించాడో" అని మీకు వినబడేలా అంది కదా. ఇప్పుడు కారెందుకు ఆగిందని అడుగుతోంది.

మీరే చెప్పండి.