గోదారి మీద థర్డ్ గేరు

ఈ టీకొట్టు బల్ల మీద కూర్చోండి టీచరుగారూ, ఆ గొడుగు పక్కన పెట్టండి. పాలకొల్లు ఆసుపత్రిలో మీ పెద్దమ్మాయి ఆశాజ్యోతికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి, ఈ వానకి ఆటోవాళ్ళెవరూ రామంటున్నారు, అంతే కదండీ? నేనున్నాను, నా కారుంది. వాన కొంచెం తెరిపివ్వగానే బయల్దేరదాం. చిట్టియ్యా, టీచరుగారికీ చిన్నమ్మాయి వినీలకీ టీ ఇవ్వు. ఈ లేసుల కొట్టు నాగేశ్వరప్రసాదు వానలో బండి తోలగలడా అని మీకు అనుమానంగా ఉంది. ఉంటుందండి, తప్పులేదు. అందుకే పోయిన శ్రావణం సంగతి చెప్తాను.

"మేం క్షేమంగా వెళ్ళడం కావాలండి," అన్నారు జ్ఞానమ్మ టీచరు.

అదే చెప్తున్నాను. అంతర్వేదిలో మా మేనత్త మనవరాలి నిశ్చితార్థం. పాలకొల్లులో సరుకిచ్చేసి, అట్నుంచటే మన నరసాపురంలో ఈ రేవుకే వచ్చి గోదారి దాటుదామని బయల్దేరాను. వాన మామూలుగానే పడుతోంది, నేనూ మామూలుగానే తోలుతున్నాను, లైట్లు వేసుకుని, ముందు లారీకి ఎడం ఇచ్చి. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. దిగమర్రు దాటాక వాన ఎలా పట్టిందంటే, చినుక్కీ చినుక్కీ మధ్య గాలి దూరే సందు లేదు. వైపర్లు రెండూ కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి, ఊడి కాలవలో పడ్డాయి. అద్దానికి బయట వాన, లోపల ఆవిరి. ఇంకొకడైతే ఆపేసేవాడు. నేను వాసన పట్టి తోలానండి. కొబ్బరి పీచు వాసనొస్తే ఎడమకి, ఎండుచేపల వాసనొస్తే కుడికి.

"ఏసీ వేస్తే ఆవిరి పోతుంది కదండీ," అంది వినీల.

ఏసీ వేస్తే నాకు పడిశం పడుతుందమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి పల్లానికి దిగింది, చక్రాల కింద దడదడమని చప్పుడు, ఆ వెంటనే అడుగున మెత్తగా ఊగడం. గోదారిలోకి దిగిపోయానని అప్పుడు తెలిసింది. రేవులో బళ్ళని దాటించే పంటు ఉంటుంది గానీ, నాకు కనపడితే కదండీ. అది పట్టిసీమ గుడి మెట్లు ముంచి వస్తున్న వరద. నేను బెదరలేదు. థర్డ్ గేరు వేసి, ఏ వైపు నుంచి అలొస్తే ఆ వైపుకి స్టీరింగు తిప్పుతూ నీళ్ళ మీదే తోలాను. అల మీద బ్రేకు వెయ్యకూడదండి, జారుతుంది. ఎంత మెత్తగా తోలానంటే ఇంజను చప్పుడు నాకే వినపడలేదు. పులసలు ఎదురొచ్చి, బండిని చూసి పక్కకి తప్పుకున్నాయి. ఒకటి మాత్రం మొండిది, హారన్ కొడితే గానీ కదల్లేదు.

"పులసకి హారనాండి?" అన్నాడు చిట్టియ్య టీ వడపోస్తూ.

లైటు కూడా కొట్టాను. నడి గోదారికొచ్చేసరికి కొట్టుకుపోతున్న పాకలూ, గడ్డివాములూ నా వెనక వరస కట్టాయి. ఇండికేటరు వేసి అన్నిటినీ ఒడ్డుకి మళ్ళించాను. అప్పుడండీ, అద్దం మీద టకటకమని ఎవరో కొట్టారు. చూస్తే తెల్లచీర, నెత్తిన నల్లటి మబ్బు. సాక్షాత్తూ గోదారి తల్లి. ఏదో అంటోంది, వాన హోరుకి వినపడలేదు. దీవిస్తోంది కాబోలని దణ్ణం పెట్టి, బండి ఆపకుండా తోలుతూనే ఉన్నాను. ఆ తల్లి దీవెన ఎలాంటిదంటే, చివర్లో బండి దానంతటదే వెనక్కి వెనక్కి నడిచి ఒడ్డెక్కింది. దిగి చూస్తే అవతలి రేవు. అక్కడా అచ్చం ఇలాంటి టీకొట్టే, కొట్టువాడు కూడా అచ్చం మన చిట్టియ్యే. టీ తాగాను. నిశ్చితార్థం వేళ ఎలాగూ దాటిపోయింది కదాని తిరిగొచ్చేశాను. రావడం ఇంకా తేలిక, గోదారి అడ్డమే రాలేదు. ఒక మలుపు తిరిగేసరికి మా వీధి.



"ఆ టీ నేనే ఇచ్చానండి," అన్నాడు చిట్టియ్య. "ఈ కొట్లోనే."

జ్ఞానమ్మ టీచరు గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఆ తెల్లచీర నాదండి. మబ్బంటే ఈ గొడుగే. ఆ రోజు నేనూ పంటు మీదే ఉన్నాను. వరదని పంటు ఆపేసి, మోకు విప్పకుండా అందర్నీ దిగిపొమ్మన్నారు. మీరేమో చెక్కల మీదుగా సరాసరి పంటెక్కేశారు. ఇంజను ఆగిపోయింది. అయినా స్టీరింగు తిప్పుతూనే ఉన్నారు. దిగండి బాబూ అని అద్దం కొడితే దణ్ణం పెట్టారు. చివరికి చిట్టియ్యా వాళ్ళూ బండిని వెనక్కి నెట్టి ఒడ్డెక్కించారు."

మెత్తగా తోలాను అన్నానే గానీ, ఎంత దూరం అన్నది నేను చెప్పలేదండి.

బయట వాన తెరిపిచ్చింది. టీచరుగారు లేచి చెయ్యి చాపారు. "మా అమ్మాయి అక్కడ ఒక్కతే ఉందండి. తాళం వినీలకివ్వండి. దానికి లైసెన్సుంది, పడిశం లేదు."

ఇదిగోనండి తాళం. నేను వెనక కూర్చుంటాను. అమ్మా వినీలా, నెమ్మదిగా పోనీ. ముందు ఆ ఏసీ వెయ్యి, నా పడిశం సంగతి పాలకొల్లులో చూసుకుందాం.