లగేజీ కింద వెళ్ళే మొగుడు

టీ కొట్టు దగ్గర ముందు నోరు విప్పింది కండక్టరు బాబాయ్. ఉద్యోగంలోంచి దిగిపోయి చాలా కాలమైనా ఆయనకి ఇంకా మనుషులంతా ప్రయాణికుల్లాగే కనిపిస్తారు.

"ఏం అబ్బాయ్, మీ ఆవిడ పనితనం చూసి పై దేశంవాళ్ళు పిలుస్తున్నారటగా. మరి నువ్వు లగేజీ కింద వెళ్తున్నావా?"

బెంచీ మీదున్న టైలరు కిసుక్కున నవ్వాడు. టీ వడగడుతున్న పిన్ని పెదవి బిగపట్టుకుంది. ఫ్రిజ్ మెకానిక్ మాత్రం నవ్వలేదు. భుజం మీంచి పనిముట్ల సంచి దించి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"లగేజీనే బాబాయ్. అయితే ఏంటట? కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చేసిపెట్టే మనిషి మా ఆవిడ. తను చేసిన కాలు తొడుక్కుని మెట్లెక్కితే సొంత కాలు సిగ్గుపడి వెనకబడుతుంది. అలాంటిదాని వెనకాల వెళ్ళడానికి నాకేం నామోషీ లేదు. కానీ మొగుడిగా వెళ్ళడమంటే ఊరికే అనుకున్నారా? దానికీ అర్హత చూస్తారు. నేను పాసయ్యాను."

ఇందులో కొంత నిజం ఉంది. వాళ్ళది రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిన పెళ్ళి. ఉన్నది ఒక్కటే ఫొటో, అందులో ఇద్దరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆవిడ ఆసుపత్రి వర్క్‌షాపు షిఫ్టులు, ఇతని రిపేర్లు, ఇద్దరూ కలిసి కనబడేదే తక్కువ. వీళ్ళు నిజంగా కాపురం చేస్తున్నారా, లేక స్థిరనివాసం కోసం కట్టిన జంటా అని ఆ దేశంవాళ్ళకి అనుమానం వచ్చింది. ఇద్దర్నీ ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఆ కబురు వచ్చినప్పటినుంచీ మెకానిక్‌కి తిండి సహించడం లేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పే రకం కాదు అతను.

"ఏం అడిగారేంటి?" అన్నాడు టైలరు.

"మమ్మల్ని చెరో గదిలో కూర్చోబెట్టారు. మీ ఆవిడ మంచానికి ఏ పక్క పడుకుంటుంది అన్నారు. గోడ పక్క అన్నాను, రెప్ప వెయ్యకుండా. కోపం వచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నారు. గిన్నె మీద మూత పెట్టే చప్పుడులో తెలుస్తుందండీ అన్నాను. వాళ్ళు తక్కువ తిన్నారా, అప్పటికప్పుడు గిన్నెలు తెప్పించి ఆఫీసులో ఉన్న ఆడవాళ్ళందరిచేతా మూతలు పెట్టించారు. నేను గోడకి ఇవతల కళ్ళకి గంతలతో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది మా ఆవిడ కాదు, ఇదీ కాదు, ఇదిగో ఇది మా ఆవిడే గానీ కోపం కాదు, ఆకలి అన్నాను. వెళ్ళి అడిగారు. ఆకలేనట."

"పొద్దున్నించీ కూర్చోబెడితే ఎవరికైనా ఆకలే," అంది పిన్ని.

"విను పిన్నీ. దాంతో వదిలారా? అబద్ధాలు పట్టే మిషను తెచ్చి నాకు తగిలించారు. మీ ఆవిడంటే ఇష్టమా అన్నారు. నేను నోరు తెరవకముందే ముల్లు ఆ చివరికి పోయి అక్కడే ఇరుక్కుంది. మిషను వేడెక్కి పొగలు. ఆఫీసర్లు బయటికి పరుగు. నేను పారిపోతానా, నా పనే అది కదా, వెనక మూత విప్పి గ్యాసు నింపి చల్లబరిచాను."

"అబద్ధాల మిషన్లో గ్యాసేంటి?" అన్నాడు కండక్టరు.

"ఆ దేశం మిషన్లో ఉంటుంది బాబాయ్. ఈలోగా ఎవరు ఫోన్ చేశారో, వాళ్ళ పెద్ద మంత్రి ఆ సాయంత్రానికే విమానంలో దిగాడు. నా చెయ్యి పట్టుకుని, మా దేశంలో మొగుళ్ళకి ఏమీ తెలియడం లేదయ్యా, నువ్వొచ్చి అందరికీ నేర్పాలి, నీకోసం ఒక శాఖే పెడతాం అన్నాడు. అంతటితో ఆగాడా? మా ఆవిడ వైపు తిరిగి, అమ్మా, ఇప్పుడు అర్హత ఈయనది, మీరే ఈయన లగేజీ కింద రండి అన్నాడు."

"ఏమండీ, రేపు ఇంటర్వ్యూకి ఈ చొక్కా వేసుకుంటారా?"

వెనకాల ఇస్త్రీ చొక్కా పట్టుకుని భార్య నిలబడి ఉంది.

"రేపా?" అన్నాడు కండక్టరు మెల్లగా. "మరి ఇందాకటినుంచీ పాసవుతున్నది ఎవరు?"

"రేపు పాసవ్వబోయేవాడే. ఒక్క రోజు ముందు చెప్పాను, తప్పా?"

"తప్పు కాదులే. మిషన్లూ మంత్రులూ ఎందుకు, చిన్నది చెప్పు. మీ ఆవిడ టీలో చక్కెర ఎంత?"

"రెండు చెంచాలు. నిద్రలో లేపి అడుగు."

"అసలు వేసుకోదు," అంది పిన్ని. "మానేసి ఏడాదవుతోంది, నాతోనే చెప్పింది. నీ రక్తంలో చక్కెర పెరుగుతోందని డాక్టరు అన్నాడుగా. నువ్వొక్కడివే చప్పటి టీ తాగాలంటే ఉసూరుమంటావని తనూ మానేసింది. నువ్వేమో ఇక్కడికొచ్చి..." అతని చేతిలోని తియ్యటి టీ గ్లాసు వైపు చూసి ఆగిపోయింది.

మెకానిక్ భార్య వైపు చూశాడు. చప్పటి టీ తన ఒక్కడికే అనుకుని ఏడాదిగా ఆవిడ మీద లోలోపల సణుక్కున్నాడు.

"మీరిక్కడ తాగుతారని నాకు తెలుసు," అంది ఆవిడ. "వాళ్ళడిగితే చెప్పేస్తాను. పదండి."

మర్నాడు గదిలో గిన్నెల్లేవు, మిషన్లేదు. ఒక బల్ల, అలిసిపోయిన ఆఫీసరమ్మ, పక్కన దుబాసీ. భార్యని పక్క గదిలోకి తీసుకెళ్ళారు. అవీ ఇవీ అడిగాక, మీ భార్య పొద్దున్నే ఏం తాగుతారు అంది ఆఫీసరమ్మ. మెకానిక్ నాలుక దురద పెట్టింది. అణుచుకున్నాడు.

"చక్కెర లేని టీ అండీ. నాకు నిన్ననే తెలిసింది."

ఆఫీసరమ్మ తలెత్తింది. ఏడాదిగా భార్య ఏం తాగుతోందో తెలియనివాడు అదే ఇంట్లో ఉంటున్నాడని ఎలా నమ్మాలి అని అడిగింది. మెకానిక్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టే దాచిందండీ. వేరే ఇంట్లో ఉన్న మనిషికి నా దగ్గర టీ దాచాల్సిన పనేముంది? నేను బయట తియ్యటి టీ తాగుతున్నాననీ దానికి తెలుసు. వెళ్ళి అడగండి, ఏ కొట్టో కూడా చెప్తుంది."

వెళ్ళి అడిగారు. చెప్పింది.

ఇద్దరికీ కలిపి స్థిరనివాసం వచ్చిన రోజున మెకానిక్ భార్యని వెంటబెట్టుకుని టీ కొట్టుకి వచ్చాడు. ఇద్దరికీ చక్కెర లేకుండా చెప్పాడు. జరిగింది జరిగినట్టు, ఒక్క మాట కలపకుండా, వినిపించాడు.

కండక్టరు తల అడ్డంగా ఊపాడు. "వీసా వచ్చింది, సంతోషం. కానీ ఆఫీసరు ముందు కూర్చుని నువ్వు ఆ మాట అన్నావంటే మాత్రం నేను నమ్మను. నువ్విక మారవు అబ్బాయ్."

"నమ్మకపోతే మానెయ్ బాబాయ్. అన్నాను. ఇదిగో, పక్కనే ఉంది, అడుగు," అని భార్య వైపు తిరిగాడు. "చెప్పవే, అన్నానా లేదా?"

ఆవిడ టీ ఊదుకుంటూ నెమ్మదిగా ఒక గుక్క తాగింది.

"నేను పక్క గదిలో ఉన్నానండీ," అంది. "నాకేం వినపడలేదు."