గుమ్మంవైపు తిరిగిన బొమ్మ

ఊరి బయట పొలాలకెళ్ళే పుంతలో చింతచెట్టు కింద పాడుబావి ఉందా, పొద్దు వాలాక దాని దరిదాపులకి ఈ ఊళ్ళో ఎవరూ వెళ్ళరు, గేదె తాడు తెంపుకుని అటు పరిగెత్తినా దాన్ని దాని ఖర్మకి వదిలేసి ఇంటికొచ్చేస్తారు. అక్కడ దెయ్యం ఉందంటారు. ఉంది, ఎవరు లేదన్నారు? దాన్ని అక్కడ పెట్టింది నేనే, నాకు తెలీదూ!

అది చెబుతాను గానీ, ఇందాక టీవీలో ఆ బొమ్మ సినిమా చూసొచ్చి నా అరుగు మీద ఒకళ్ళనొకళ్ళు అతుక్కుని కూర్చున్నారే, ఆ సినిమా అంటే నాకు ఒళ్ళు మంట. నాలుగేళ్ళ కిందట ఒకసారి చూశాను, ఇవాళ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. ఆ దొరల ఇంట్లో బొమ్మ తనంతట తనే వచ్చి పిల్ల మంచం దగ్గర కూర్చుంటుంది, కుర్చీ దానంతటది ఊగుతుంది, పిల్ల జబ్బుపడుతుంది, అంతే, అందరూ బొమ్మ మీద పడ్డారు. ఆఖరికి ఫాదరుగారు వచ్చి దాన్ని మంటలో పడేసి చేతులు దులుపుకున్నారు. అది చూసి మన కొండబాబు, ఊళ్ళో బొమ్మలన్నీ పోగేసి తగలెట్టేద్దాం అంటున్నాడు. నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా! ఆ బొమ్మ ఎటు తిరిగి కూర్చుందో ఒక్కళ్ళైనా చూశారా? పిల్లని పీక్కుతినేదైతే పిల్లవైపు తిరిగి కూర్చోవాలా లేదా? మొదట్నించి ఆఖరిదాకా దాని వీపు పిల్లవైపు, మొహం గుమ్మంవైపు. గుమ్మంలోంచి వచ్చేది ఇంకేదో ఉంది, దానికి ఇది అడ్డం కూర్చుంది. సినిమా తీసినవాడికే ఆ సంగతి తెలిసినట్టు లేదు. వాడు ఎదురుపడితే మొహమ్మీదే అడుగుతాను, ఈ వీరాయమ్మకి భయమా?

నీకెలా తెలుసు మామ్మా అంటారేమో, వినండి మరి. మా మనవరాలు భవాని రెండు కాన్పులు పోగొట్టుకుంది, మూడోసారికి ఆడపిల్ల నిలిచింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేస్తున్నాం. పిల్లకంటే ముందు ఉయ్యాల్లో ఏం పడుకోబెడతాం? పొత్రం, సన్నికల్లు మీద పచ్చడి నూరే రాయి. దానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, ఇదే పెద్దబిడ్డ అని జోలపాడి, ఆ తర్వాత పిల్లని వేస్తాం. ఎందుకంటే, మా అమ్మ చెప్పేది, ఏదైనా కీడు గుమ్మం దాటి వస్తే ముందు పెద్దబిడ్డనే పట్టుకుంటుందట, అది రాయి కదా, దాన్నేం చేస్తుంది? బాగానే ఉంది, కానీ భవాని అత్తారింట్లో పొత్రం ఏదీ? మిక్సీ ఉంది, గ్రైండరుంది, పొత్రాన్ని స్లాబు ఇల్లు కట్టినప్పుడు పునాదిలో పడేశారట. పక్కింట్లో అడిగితే అక్కడా మిక్సీయే. ముహూర్తం దాటిపోతోందని భవాని అత్తగారు కాంతం ఒకటే గోల, ఎవరో తెచ్చిన రబ్బరు బొమ్మ ఉంది, పడుకోబెడితే కళ్ళు మూస్తుంది, లేపితే తెరుస్తుంది, అది వేసెయ్యమంది. తప్పు నాదేనర్రా, పెద్దదాన్నయ్యుండి సరే అన్నాను. ఈ చేతుల్తోనే దానికి బొట్టుపెట్టి, నువ్వే అక్కవి, చెల్లిని చూసుకో అని మూడుసార్లు ఊపాను. రాయైతే విని ఊరుకునేది. ఇది ఊరుకోలేదు.

ఆరో నెల వచ్చేసరికి మొదలైంది. అల్మారాలో పెట్టిన బొమ్మ తెల్లారి లేచి చూస్తే ఉయ్యాల ముందు గుమ్మంవైపు తిరిగి కూర్చుని ఉండేదట. నువ్వు పెట్టావంటే నువ్వు పెట్టావనుకున్నారు. ఈలోగా ఈ మాయదారి సినిమా వచ్చింది, ఇంటిల్లిపాదీ చూశారు, మర్నాటికి పిల్లకి జ్వరం. ఇంకేముంది, కాంతం గుండెలు బాదుకుంది. నేను మా చెల్లెలి ఊళ్ళో ఉన్నాను, ఉంటే ఇది జరగనిచ్చేదాన్నా? భవాని మొగుడు సూరిబాబు బొమ్మని నిమ్మకాయల్తో కలిపి ఎర్రగుడ్డలో మూటగట్టి ఆ పాడుబావిలో విసిరేశాడు. విసిరాక తగ్గాలి కదా? రెండింతలైంది. టౌనులో ఆసుపత్రిలో చేర్చారు, డాక్టరుగారు మందులిచ్చారు, సూదులు వేశారు, అయినా మూడురోజులు పిల్ల కన్ను తెరవలేదు, పాలు ముట్టలేదు. నేను వెళ్ళేసరికి భవాని ఏడవడం కూడా మానేసి పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చుంది.

సూరిబాబు చెయ్యి పట్టుకుని అక్కణ్ణించి తిన్నగా బావి దగ్గరికి లాక్కొచ్చాను. నువ్వు విసిరింది పిల్ల అక్కనిరా, విసిరిన చేత్తోనే తియ్యి అన్నాను. కాంతం ఆసుపత్రి గుమ్మంలోనే అడ్డం పడి, ఆ బావి జోలికెళితే ఇంకేమవుతుందో అంది. ఇంకేమవ్వాలమ్మా అన్నాను. బావిలో పడ్డ చేదలు తీసే పాతాళగరిగ ఉంటుందే, కొక్కేలది, దాన్ని తాడుకి కట్టి దింపించాను. నీళ్ళు లేని బావి, మూట తగిలింది, లాగరా అంటే లాగలేకపోతున్నాడు, ధాన్యం బస్తా ఎత్తి భుజాన వేసుకునే మనిషి! నేనూ తాడు పట్టాను. పావుకిలో లేని రబ్బరు బొమ్మ పొత్రమంత బరువై పైకొచ్చింది. మూట విప్పి ముట్టుకున్నాను, చెయ్యి చుర్రుమంది. నిమ్మకాయలు చల్లగానే ఉన్నాయి, బొమ్మ ఒళ్ళు మాత్రం జ్వరంతో కాలిపోతోంది. సరిగ్గా అప్పుడే సూరిబాబు ఫోను మోగింది. పిల్లకి చెమట పట్టిందట, కళ్ళు తెరిచి పాలకి ఏడుస్తోందట. బావిగట్టు మీద కూలబడి ఆ మొగాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

నేను బొమ్మని నిలబెట్టి చూశాను, కళ్ళు తెరవలేదు. ఊపాను, తెరవలేదు. పట్టుకునేదేదో దాన్నే పట్టుకుంది మరి. కాంతం కాల్చెయ్యమని కబురంపింది. చస్తే ఒప్పుకోనన్నాను. పసిబిడ్డల్ని కాలుస్తామా? చింతచెట్టు మొదట్లో గొయ్యి తవ్వించి, స్నానం చేయించి, బొట్టుపెట్టి, ఓ చెంచాడు పాలు పోసి, వీపు ఊరివైపు, మొహం బయటివైపు ఉండేలా పడుకోబెట్టాను. ఇదిగో, నా ఒళ్ళో కూర్చుని చెగోడీలు నములుతోందే, ఇదే ఆ పిల్ల. దీని కోసం అది పోయింది, మీరేమో దెయ్యమంటారు. అనండి, నా ముందు మాత్రం అనకండి.

అక్కడ జోలపాట వినపడుతుందంటారు కదా, అది నా గొంతే, వారానికోసారి వెళ్ళి పాడొస్తాను. కానీ మొన్న శ్రావణంలో కాలు విరిగి నేను నెల్లాళ్ళు మంచం దిగలేదు. అప్పుడూ వినపడిందట. ఎవరూ రాలేదని తనే పాడుకుని పడుకుందేమో, పిచ్చితల్లి. అది తలుచుకుంటే నాకు భయం వెయ్యదర్రా, ఏడుపొస్తుంది.

అందుకని అటు వెళ్ళకండి. కొండబాబూ, నువ్వసలే వెళ్ళకు, నీది పెద్ద గొంతు. పడుకున్న పిల్ల లేచిందంటే లేపినవాళ్ళే జోకొట్టాలి, నేను మాత్రం రాను.